డయాలసిస్ మొదలుపెట్టమన్నారా?

‘హకీం గారూ, మా ఆయనకు క్రియాటినిన్ 9కి పోయింది. ఆస్పత్రిలో డయాలసిస్ చేయాలంటున్నారు. ఒకసారి మిషన్ ఎక్కితే ఇక జన్మంతా దిగేది లేదని చుట్టాలంతా చెబుతున్నారు. మీ యునానీలో మందిచ్చి ఎట్లాగైనా తప్పించండి.’

హోసూరు వైపు నుంచి వచ్చిన ఒక ఇల్లాలు కొంతకాలం క్రితం నా ముందు కూర్చుని అన్న మాటలివి. భర్త బయట బెంచీ మీద ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. లోపలికి పిలిచి నాడి చూశాను. కాళ్ల మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. పడుకోగలుగుతున్నావా నాయనా అని అడిగితే, నాలుగు రాత్రులుగా గోడకు దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నానన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. నేను మందు ఇవ్వలేదు. ఆటో పిలిపించి ఆస్పత్రికి పంపాను. ఆ రాత్రే మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ చేశారు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, దానికి మూడు నెలల ముందే డాక్టరు ఆయన చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించుకోమని చెప్పారు. ఆ మూడు నెలలూ ఆ ఇంటివాళ్లు ఎవరో ఇచ్చిన పొడి పొట్లాలతో గడిపేశారు. మనిషి దక్కాడు. కానీ తీరికగా, సిద్ధపడి మొదలుపెట్టాల్సిన చికిత్స అర్ధరాత్రి కంగారులో మొదలైంది.

పాఠకుల ఉత్తరాల్లోనూ ఈ ప్రశ్నే ఎక్కువగా ఉంటుంది కనుక ఈ వారం దాని గురించే రాస్తున్నాను. యునానీ శీర్షికలో డయాలసిస్ గురించి ఏమిటని ఆశ్చర్యపోవద్దు. మా దగ్గరకు ఈ రోగులు వస్తున్నారు. వచ్చినప్పుడు నిజం చెప్పడం మా పని.

నిజం ఇది. రెండు మూత్రపిండాలూ పూర్తిగా పాడై డయాలసిస్ దశకు చేరిన తర్వాత వాటిని తిరిగి బాగుచేసే మాజూన్ గానీ, జవారిష్ గానీ, కుష్తా గానీ యునానీలో లేదు. అల్లోపతిలోనూ లేదు. ఉన్నవి రెండే దారులు. ఒకటి డయాలసిస్, రెండోది కిడ్నీ మార్పిడి. ఉందని చెప్పి డబ్బు తీసుకునేవాడు హకీం అయినా, వైద్యుడైనా, మూలికలవాడైనా మీకు మేలు చేయడం లేదు.

గుర్దా ఏం చేస్తుంది?

యునానీలో కిడ్నీని గుర్దా అంటారు. ఆరోగ్యం నిలవడానికి తప్పనిసరి అని పూర్వ హకీములు చెప్పిన ఆరు విషయాల్లో చివరిది ఇహ్తిబాస్, ఇస్తిఫ్రాగ్. అంటే ఉంచుకోవలసింది ఉంచుకోవడం, పంపేయవలసింది పంపేయడం. గుర్దా పని అంతా ఈ రెండు మాటల్లో ఉంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. ఇవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో దాదాపు మొత్తాన్నీ తిరిగి రక్తంలోకి చేర్చి, లీటరు, లీటరున్నర మాత్రం మూత్రంగా బయటకు పంపుతాయి. యూరియా, క్రియాటినిన్, ఎక్కువైన పొటాషియం, ఆమ్లం, ఉప్పు అన్నీ అందులోనే పోతాయి. అంతేకాదు, రక్తం పట్టడానికి అవసరమైన హార్మోను కిడ్నీలోనే తయారవుతుంది. విటమిన్ డి పని చేసే రూపంలోకి మారేదీ ఎక్కువగా అక్కడే. అందుకే కిడ్నీ రోగి మొహం పాలిపోయి ఉంటుంది, ఎముకలు నొప్పులు పెడతాయి.

డయాలసిస్ ఈ పనుల్లో పంపేసే పనిని మాత్రం కొంతవరకు చేస్తుంది. మా భాషలో చెప్పాలంటే అది మిషన్‌తో చేసే ఇస్తిఫ్రాగ్. రక్తం పట్టించే పని దానికి రాదు కనుకే దాంతోపాటు ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, నరం ద్వారా ఐరన్ ఇస్తారు. బీట్‌రూట్ రసం, దానిమ్మ రసం తాగితే రక్తం పడుతుందని ఇంట్లోవాళ్లు తాగిస్తుంటారు. కిడ్నీ రోగికి వాటిలోని పొటాషియం ప్రమాదం. దయచేసి ఆపండి.

అంకె చూసి భయపడకండి, లక్షణాలు చూడండి

‘క్రియాటినిన్ ఎంతకు వస్తే డయాలసిస్ చేయాలి?’ అని అడుగుతారు. ఒక్క అంకెతో తేలే విషయం కాదు. వయసు, స్త్రీ పురుష భేదం, క్రియాటినిన్ కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ అనే కొలత ఒకటుంది. అది 15 కంటే తగ్గితే చివరి దశ. అంతమాత్రాన మర్నాడే మిషన్ ఎక్కాలని లేదు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వైద్యులు జరిపి 2010లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో, ముందుగానే డయాలసిస్ మొదలుపెట్టినవారికీ, లక్షణాలు వచ్చేదాకా దగ్గరుండి గమనిస్తూ ఆగినవారికీ ఆయుష్షులో తేడా కనిపించలేదు. అయితే అక్కడ ఆగినవారు డాక్టరు కళ్ల ముందు ఉండి ఆగారు. మన వాళ్లు ఆగడమంటే ఆస్పత్రికి వెళ్లడం మానేసి ఆగడం! రెండూ ఒకటి కాదు.

ఇక ఆగకూడని లక్షణాలు చెబుతాను. పడుకుంటే ఆయాసం రావడం, మాత్రలు వేసినా నీరు తగ్గకపోవడం, అన్నం చూస్తే వాంతి రావడం, నోట్లో ఇనుప రుచి, ఒళ్లంతా దురద, పగలంతా మత్తుగా ఉండి మాట తడబడటం, చేతులు అదరడం, ఫిట్స్, గుండెలో నొప్పి. రక్తపరీక్షలో పొటాషియం బాగా పెరిగిందని తేలితే లక్షణాలు లేకపోయినా వెంటనే వెళ్లాలి. పొటాషియం చెప్పకుండా గుండెను ఆపుతుంది.

షుగర్ ఉన్నవారికి ఇంకో మాట. కిడ్నీలు పాడయ్యే కొద్దీ ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది. అందువల్ల షుగర్ దానంతటదే తగ్గుతుంది. ‘మా నాన్నకు షుగర్ నయమైపోయింది’ అని మిఠాయి పంచినవారిని నేను చూశాను. అది నయం కావడం కాదు. పాత మోతాదులోనే మందు వాడితే షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. మోతాదు మార్పించుకోండి.

‘ఒకసారి ఎక్కితే దిగేది లేదా?’

ఈ మాట సగం నిజం, సగం అబద్ధం. పాము కాటు, ఎలుకల జ్వరం, వాంతులు విరేచనాలు, కాన్పులో రక్తం పోవడం వంటి వాటివల్ల ఉన్నట్టుండి కిడ్నీలు ఆగిన వారికి కొన్ని రోజులో కొన్ని వారాలో డయాలసిస్ చేస్తే, చాలామందిలో కిడ్నీలు మళ్లీ పని మొదలుపెడతాయి. అప్పుడు డయాలసిస్ ఆపేస్తారు. వీళ్లు భయంతో ఆలస్యం చేస్తేనే నష్టం.

షుగర్, బీపీ వంటి వాటితో ఏళ్ల తరబడి నెమ్మదిగా పాడైన కిడ్నీలైతే డయాలసిస్ కొనసాగుతుంది, నిజమే. కానీ డయాలసిస్ అలవాటు పడటం వల్ల కాదు, కిడ్నీలు లేకపోవడం వల్ల. కర్ర పట్టుకున్నందుకు కాలు విరగలేదు కదా, కాలు విరిగినందుకు కర్ర పట్టుకున్నాం.

మీ ఎడమ చేతిని దాచుకోండి

రక్తం ద్వారా చేసే డయాలసిస్‌కు నిమిషానికి 200 నుంచి 300 మిల్లీలీటర్లకు పైగా రక్తం మిషన్‌లోకి రావాలి. మామూలు నరం అంత రక్తం ఇవ్వలేదు. అందుకే చేతిలోని ధమనిని పక్కనున్న సిరకు చిన్న ఆపరేషన్‌తో కలుపుతారు. దీన్ని ఫిస్టులా అంటారు. 1966లో న్యూయార్క్ వైద్యులు ప్రచురించిన పద్ధతి ఇది. ఇన్నేళ్లకూ దీన్ని మించింది రాలేదు. కలిపిన తర్వాత ఆ సిర లావెక్కి గట్టిపడటానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. కాబట్టి ఆపరేషన్ ముందే చేయించుకోవాలి. లేకపోతే హోసూరు ఆయనకు చేసినట్టు మెడలో గొట్టం వేయాల్సి వస్తుంది. గొట్టంతో చీము, జ్వరం వచ్చే భయం ఎక్కువ.

క్రియాటినిన్ పెరుగుతోందని తెలిసిన రోజు నుంచే కుడిచేతి వాటం వారు ఎడమ చేతి నుంచి రక్తం తీయనివ్వకండి, సెలైన్ పెట్టనివ్వకండి. అరచేతి వెనకవైపు నరం నుంచి తీయమనండి. ఈ చిన్న జాగ్రత్త ఎవరూ చెప్పరు. తీరా ఆపరేషన్ నాటికి నరాలన్నీ పొడిచి పాడైపోయి ఉంటాయి. ఫిస్టులా అయ్యాక ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, బరువులు మోయకూడదు, గాజులు, గడియారం బిగుతుగా పెట్టకూడదు, ఆ చేతిని తల కింద పెట్టుకుని పడుకోకూడదు. ఉదయం లేవగానే దాని మీద వేళ్లు ఆనిస్తే జుమ్మని కదలిక తెలియాలి. ఆ కదలిక ఆగితే అది మూసుకుపోతోందని అర్థం. మర్నాటి దాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. మా వైద్యం చేయించుకునేవారు మరీ జాగ్రత్త: ఆ చేతికి హిజామా గానీ, ఫస్ద్ గానీ, జలగలు గానీ పనికిరావు. అసలే రక్తహీనత, పైగా రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కనుక డయాలసిస్ రోగికి ఒంట్లో ఎక్కడా రక్తం తీసే చికిత్స చేయకూడదని నా అభిప్రాయం.

ఇంకో తయారీ కూడా ఉంది. హెపటైటిస్-బి టీకాలు డయాలసిస్ మొదలుకాక ముందే వేయించుకోవడం మంచిది. ఈ రోగులకు మామూలు కంటే రెట్టింపు మోతాదు ఇస్తారు.

మొదటి రోజు

మిషన్ చూసి హడలిపోతారు గానీ, ఒక సమయంలో శరీరం బయట ఉండే రక్తం పావు లీటరు మాత్రమే. మొదటి ఒకటి రెండుసార్లు రెండేసి గంటలే, నెమ్మదిగా చేస్తారు. ఒక్కసారిగా మలినాలన్నీ లాగేస్తే తలనొప్పి, వాంతులు వస్తాయి. తర్వాత నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. మన దేశంలో ఖర్చు, దూరం కారణంగా చాలామంది రెండుసార్లతో సరిపెడుతున్నారు. మూత్రం ఇంకా బాగా వస్తున్నవారికి కొంతకాలం ఇది నడవవచ్చు. మూత్రం తగ్గినవారు మూడోసారి గురించి డాక్టరును తప్పక అడగండి. నాలుగు గంటల్లో మీ రక్తం పక్కన సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు పారుతుంది. ఇంట్లో బిందెల లెక్కన ఊహించుకోండి! అందుకే ఆ నీటి శుద్ధి ఎలా ఉందో చూసి మరీ కేంద్రాన్ని ఎంచుకోవాలి.

ఈ మిషన్ వెనుక ఒక కథ ఉంది. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలెండ్‌లో, కాంపెన్ అనే చిన్న ఊళ్లో విలెమ్ కోల్ఫ్ అనే వైద్యుడు చెక్క డ్రమ్ముకు మాంసపు సాసేజీలకు తొడిగే సెల్లోఫేన్ గొట్టం చుట్టి, అందులో రక్తం తిప్పి డయాలసిస్ చేశారు. తొలి రోగులు దక్కలేదు. 1945లో 67 ఏళ్ల ఒక స్త్రీ బతికి బయటపడింది. అందులోని సూత్రమే ఈనాటికీ నడుస్తోంది.

దూరపు పల్లెల వారికి, వారానికి మూడుసార్లు బస్సెక్కలేని వారికి రెండో పద్ధతి ఉంది. పొట్టలోకి మెత్తని గొట్టం వేసి, రెండు లీటర్ల ద్రవం నింపి, కొన్ని గంటల తర్వాత తీసేసి మళ్లీ నింపడం. మామూలుగా రోజుకు మూడు నాలుగుసార్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. పెరిటోనియల్ డయాలసిస్ అంటారు. చేతులు శుభ్రంగా ఉండాలి, గది శుభ్రంగా ఉండాలి. బయటకు వచ్చిన ద్రవం మబ్బుగా ఉంటే పొట్టలో చీము మొదలైనట్టే. గంజాం జిల్లా పల్లెల నుంచి బరంపురం దాకా తిరిగే మన వాళ్లు ఈ పద్ధతి గురించి ఒకసారైనా అడగాలి.

ఏ మందులు మానాలి?

హకీంగా నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ఇక్కడే. మా మందుల్లో చాలావాటి సీసా మీద ‘గుర్దాకు మంచిది’ అని ఉంటుంది. అది చూసి కొనేసుకుంటారు. షర్బత్ బజూరీ, జవారిష్ జరూనీ వంటివి మూత్రం జారీ చేసేవి. పని చేస్తున్న కిడ్నీకి అవి పని చెబుతాయి. చచ్చుబడిన కిడ్నీకి ఎంత పని చెప్పినా ఏం లాభం? రాళ్లకు ఇచ్చే మందు వేరు, కిడ్నీ ఫెయిల్యూర్ వేరు.

అన్నిటికంటే ప్రమాదం షోరా ఖల్మీ, అంటే సురేకారం. అది పొటాషియం నైట్రేట్. జౌఖార్, అంటే యవక్షారంలో ఎక్కువ ఉన్నది పొటాషియం కార్బొనేటే. రాళ్ల సఫూఫ్‌లలో ఇవి కలుస్తాయి. డయాలసిస్ రోగికి ఇవి ఇవ్వడమంటే గుండెకు గురిపెట్టడమే. కుష్తాల్లో పాదరసం, సీసం, పాషాణం ఉన్నవి ఉంటాయి. అవి బయటకు పోవాల్సిన దారి కిడ్నీయే. ఆ దారే మూసుకుపోయాక ఒంట్లో పేరుకుంటాయి. ఇక జరావంద్. మన వైపు ఈశ్వరి వేరు, గాడిదగడపాకు దీని కుటుంబంలోవే. 1993లో బెల్జియం వైద్యులు ఒక విషయం బయటపెట్టారు. సన్నబడటానికి మూలికల బిళ్లలు వాడిన ఆడవాళ్లకు వరసగా కిడ్నీలు పోయాయి. కారణం ఆ బిళ్లల్లో కలిసిన ఇదే జాతి మొక్క. మన గ్రంథాల్లో ఉంది కదా అని దీన్ని సమర్థించడం నాకు చేతకాదు.

మూలికలనే అంటున్నానని అనుకోవద్దు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రలు, డైక్లోఫెనాక్ వంటివి కిడ్నీలకు చేసే చేటు తక్కువది కాదు. పొలం పని, మగ్గం పని చేసి రాత్రికో మాత్ర మింగే అలవాటు మన వాళ్లలో ఎంత ఉందో మీకు తెలుసు.

మరి యునానీ ఏమీ చేయలేదా? పైపూతగా కొంత చేస్తుంది. దురదకు స్నానం తర్వాత ఒంటికి కొబ్బరినూనె, నిద్ర పట్టనివారికి తలకు, అరికాళ్లకు రోగన్ కద్దూ. దాహానికి నోట్లో ఏలక్కాయో లవంగమో పెట్టుకోవడం. కడుపులోకి ఏ మందైనా సరే, మీ కిడ్నీ డాక్టరుకు చూపించి, ఆయన ఒప్పుకున్నాకే.

అన్నం, నీళ్లు

డయాలసిస్ ముందు పప్పు, మాంసం తగ్గించమంటారు. మొదలయ్యాక మాట మారుతుంది. మిషన్‌లో మాంసకృత్తులు కొంత పోతాయి కనుక బరువులో కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. పాత పథ్యమే పట్టుకుని చారన్నంతో బతుకుతూ చిక్కి శల్యమైనవారు ఎందరో. గుడ్డు తెల్లసొన, చేప, కోడిమాంసం, శాకాహారులకు కొలిచి పప్పు, పనీర్ తినాలి.

మానవలసింది పొటాషియం. కొబ్బరినీళ్లు, అరటిపండు, పండ్ల రసాలు, ఎండుఫలాలు వద్దు. కూరగాయలు సన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండుకోండి. ‘ఉప్పు తక్కువ’ అని అమ్మే ప్రత్యేకమైన ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, అది అసలే వద్దు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు దాహాన్ని పెంచుతాయి.

బార్లీ నీళ్లు కిడ్నీలను కడుగుతాయని బిందెడు తాగేవారున్నారు. మూత్రం రానివారికి అవి నేరుగా ఊపిరితిత్తుల్లో చేరతాయి. ముందురోజు వచ్చిన మూత్రానికి అర లీటరు కలిపితే ఎంతో, రోజు మొత్తానికి అంతే నీరు. అందులోనే టీ, మజ్జిగ, చారు అన్నీ. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు రెండు, రెండున్నర కిలోలు మించి పెరగకూడదు. ఉపవాసాలు, రోజాలు డాక్టరును అడగకుండా చేయకండి.

పైకం, ప్రయాణం

2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆస్పత్రుల్లో పేదలకు డయాలసిస్ ఉచితం. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక, ఒడిశాల సొంత బీమా పథకాలూ ఉన్నాయి. మీ రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రపు పథకమే మీకు. ఆంధ్రలో డయాలసిస్ రోగులకు పింఛను ఉందని విని ఇక్కడి కార్డు వదులుకుని వెళ్లాలనుకునేవారు తొందరపడకండి. యానాం వారు కాకినాడలో చేరేముందు తమ కార్డు ఆ ఆస్పత్రిలో చెల్లుతుందో లేదో కనుక్కోండి.

షోలాపూర్ నుంచి పాలమూరు, కరీంనగర్ వైపు పెళ్లికి వెళ్లి, ‘ఒక్కసారికి ఏమవుతుందిలే’ అని డయాలసిస్ ఎగ్గొట్టేవారున్నారు. రెండు డయాలసిస్‌ల మధ్య ఎడం పెరిగిన రోజే గుండె ఆగే భయం ఎక్కువ. వెళ్లే ఊళ్లో ముందే పడక మాట్లాడుకుని, మీ రిపోర్టులు, ఆరోగ్యకరమైన బరువెంతో రాసిన కాగితం తీసుకెళ్లండి.

వయసులో ఉన్నవారు మొదటి నెలలోనే మార్పిడి గురించి అడగాలి. వేలూరు సీఎంసీలో 1971 నుంచీ కిడ్నీ మార్పిడి జరుగుతోంది. ఇంట్లో ఇచ్చేవారు లేకపోతే అవయవదాన జాబితాలో పేరు నమోదు చేయించుకోండి. తమిళనాడుకు ట్రాన్స్‌టాన్, కర్ణాటకకు జీవసార్థకథె ఉన్నాయి. నమోదుకు నివాస ధ్రువీకరణ అడగవద్దని 2023లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. పరాయి రాష్ట్రంలో ఉన్నామని వెనక్కి తగ్గనక్కర్లేదు. ఇక బాగా పెద్దవయసులో, ఇతర జబ్బులతో మంచానపడినవారు డయాలసిస్ వద్దనుకుని, బాధ తగ్గించే మందులతోనే ఉంటామంటే అదీ ఒక దారే. అది ఇంటిల్లిపాదీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోవలసిన మాట, రోగిని కూడా కూర్చోబెట్టుకుని.

హోసూరు ఆయన ఆ మధ్య వచ్చాడు. సోమవారం, గురువారం వెళ్తున్నాడట. ఎడమ చేతికి ఫిస్టులా అయింది. చేయి నా వైపు చాపి, ‘చూడండి, మోగుతోంది’ అన్నాడు. వేళ్లు ఆనించాను. జుమ్మంటోంది. దురదకు మందు అడిగాడు. కొబ్బరినూనె చాలన్నాను. ఆయన భార్య మాత్రం అప్పటికీ సంచిలోంచి ఒక పొడి పొట్లం తీసి, ఇది వాడొచ్చా అని అడిగింది. అందులో ఏముందో ఇచ్చినవాడు చెప్పలేదట. అది అక్కడే నా బల్ల మీద పెట్టించేశాను.